కొత్త డప్పు, పాత మాట: హైదరాబాద్ నుంచి సోషల్ మీడియా చరిత్ర

సోషల్ మీడియా చరిత్ర అనగానే మన చేతికి వచ్చేది కంపెనీల జాబితా. 1997లో అమెరికాలో సిక్స్ డిగ్రీస్, 2002లో ఫ్రెండ్‌స్టర్, 2003లో మైస్పేస్, 2004 జనవరిలో గూగుల్ వారి ఆర్కుట్, మరుసటి నెలలోనే హార్వర్డ్ హాస్టల్ గదిలో ఫేస్‌బుక్, 2005లో యూట్యూబ్, 2006లో ట్విట్టర్, 2009లో వాట్సాప్, 2010లో ఇన్‌స్టాగ్రామ్. ఎవరు కనిపెట్టారు, ఎంతకు అమ్మారు, ఎవరు కొన్నారు, ఇంతే కథ. ఇన్‌స్టాగ్రామ్‌ను 2012లో వంద కోట్ల డాలర్లకు, వాట్సాప్‌ను 2014లో 1,900 కోట్ల డాలర్లకు ఫేస్‌బుక్ కొన్నదని రాస్తారు. రాజుల చరిత్ర ఎట్లా రాశారో ఇదీ అట్లాగే రాస్తున్నారు. రాజ్యాలు, వారసులు, బేరాలు వుంటాయి. ఊరి చివర బతికినవాళ్లు వుండరు.

మా ప్రశ్న వేరు. ఒక మాట పదిమందికి చేరాలంటే ఒక సాధనం కావాలి. ఆ సాధనం ఎవరి చేతిలో వుంది? దాని మీద పలికే మాట ఎవరిది? ఈ రెండూ ఒకటి కావని దళితులకు ఎవరూ పాఠం చెప్పనక్కర లేదు. తెలంగాణ పల్లెల్లో సాటింపు వేసింది మాదిగలే. డప్పు వాళ్లది, చర్మం తీసి ఊనింది వాళ్లు, నిప్పు సెగకు కాచి మోగించింది వాళ్లు, గల్లీ గల్లీ తిరిగి గొంతు చించుకున్నది వాళ్లు. కానీ ఆ గొంతులోంచి వచ్చిన మాట పటేలుది, పట్వారీది, దొరది. వెట్టికి రమ్మని పిలిచే సాటింపును వెట్టి చేసేవాడే వేయాలి. నిజాం కాలంలో పట్నంలో దాన్నే మునాదీ అన్నారు. పేరు మారింది, ఏర్పాటు మారలేదు. ఊరందరికీ వార్త మోసేవాడు ఊరి బావిని ముట్టరాదు. కనుక మన దేశంలో సామాజిక మాధ్యమాల చరిత్రను కంప్యూటర్ దగ్గర మొదలుపెట్టడం మాకు సమ్మతం కాదు. దాన్ని ఈ చీలిక దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

ఈ చీలికను పూడ్చాలని హైదరాబాద్‌లో తొలితరం దళిత నాయకులు పూనుకున్నారు. మాదరి భాగయ్యగా 1888లో పుట్టిన భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టారు. అది ముందు చేసిన పని హరికథలు చెప్పించడం. ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. హరికథ బ్రాహ్మణుల సొత్తు అనుకున్న రోజులవి. ఆ రూపాన్నే తీసుకుని, మద్యపానం మానమనీ, దేవుడి పేరుతో ఆడపిల్లలను విడిచిపెట్టే ఆచారం తప్పనీ, పిల్లలను బడికి పంపమనీ వాడల్లో చెప్పించారు. 1911లో మన్య సంఘం వచ్చింది. తర్వాత ఆది హిందూ వుద్యమం విస్తరించింది. మూసీకి ఉత్తరాన, పాతబస్తీకి ఎదురొడ్డున వున్న ఈసామియా బజార్‌లో బడి వెలిసింది. 1931లో ‘భాగ్యనగర్’ పత్రిక మొదలైంది. చదువు రానివారికి హరికథ, వచ్చినవారికి పత్రిక. మాట మనది, మోసే చేయి కూడా మనదే అయిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి. ఈ వుద్యమంలో పాల్గొన్న పి.ఆర్. వెంకటస్వామి 1955లో ‘అవర్ స్ట్రగుల్ ఫర్ ఇమాన్సిపేషన్’ అనే పేరుతో ఈ కథనంతా రెండు భాగాలుగా అచ్చు వేయకపోతే ఇవాళ మాలాంటి పరిశోధకులు రాసేదానికి ఆధారమే వుండకపోను. ఈ మాట పాఠకులు గుర్తు పెట్టుకోవాలి, మళ్లీ దీనితో పని పడుతుంది.

ఇక 1985 జూలై 17 కారంచేడు, 1991 ఆగస్టు 6 చుండూరు. పెద్ద పత్రికలు, వాటి యజమానుల కులాలు మనకు తెలిసినవే. చిన్న పత్రికలు, కరపత్రాలు, పాటల క్యాసెట్లు ఆనాడు మన సోషల్ మీడియా. పాతబస్తీ ఛత్తాబజార్‌లో పెళ్లి కార్డులు, ఉర్దూ పోస్టర్లు వేసే ప్రెస్సుల వరస వుంటుంది. నగరంలో సభ పెట్టినవాళ్లకు ఆ బజారు సంగతి తెలుసు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టింది. దొరల సాటింపు వేసిన డప్పే వుద్యమానికి పేరైంది. వర్గీకరణ మీద దళితుల్లో భిన్నాభిప్రాయాలు ఎన్ని వున్నా, ఆ పేరు పెట్టుకోవడంలో వున్న తెగువను ఎవరూ కాదనలేరు.

సరిగ్గా అదే పదేళ్లలో తెలుగు భాష ఇంటర్నెట్‌లోకి నడిచింది. అయితే అది ఈదుముడి నుంచి నడవలేదు. 1990ల మొదట్లో అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న తెలుగు ఇంజనీర్లు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతులు తయారుచేసుకున్నారు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం పేరుతో ఆర్‌టీఎస్ అనే పద్ధతి వచ్చింది. మంచి పనే, కాదనం. కానీ ఆ రోజుల్లో అమెరికా విమానం ఎక్కగలిగింది ఏ కులాలు? భూమి వుండి, దాన్ని అమ్మో కుదువ పెట్టో కొడుకును ఇంజనీరింగ్ చదివించగలిగిన కులాలు. అందువల్ల కంప్యూటర్ తెరమీద తెలుగువాడు అనే మనిషి మొదటిసారి కనిపించినప్పుడు అతనికి కులం లేనట్టే కనిపించాడు. పై కులం వాడికి తన కులం కనబడదు గదా! మన దేశంలో జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న మొదలైంది. హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ 1998 నవంబర్‌లో ప్రారంభమైంది. చార్మినార్ నుంచి అక్కడికి దాదాపు 20 కిలోమీటర్లు.

ఆర్కుట్ వచ్చేసరికి తెర మీద కులం లేదన్న నటన కూడా పోయింది. కులాల పేర్లతో బాహాటంగా గుంపులు వెలిశాయి. సినిమా హీరోల అభిమానుల కొట్లాటలు పైకి సినిమావి, లోపల కులానివి. ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. అకౌంట్ తెరవాలంటే మొదటి పేరు, ఇంటిపేరు అని రెండు గళ్లు నింపాలి. తెల్లవాడి పద్ధతి అది. మన దగ్గర ఇంటిపేరు ముందు వుంటుంది, ఒక్క అక్షరంగా కుదించుకునే వీలుంటుంది. ఎందరో దళిత పిల్లలు ఆ ఒక్క అక్షరం వెనక తలదాచుకుని కాలేజీల్లో చదువుకున్నారు. రెంటు ఇల్లు దొరకడానికీ, మెస్సులో ప్రశ్నలు తప్పించుకోవడానికీ ఆ అక్షరం పనికొచ్చింది. ఇప్పుడు ఆ గడి ఇంటిపేరు మొత్తం అడుగుతున్నది. రాస్తే కులం బయటపడుతుంది. రాయకపోతే దాచుకున్నాడని అనుమానం. ఇంటిపేరు గర్వంగా రాసుకునేవాడికి ఈ గడి ఒక గడిలాగే కనిపిస్తుంది. మనకు అది ఊరి మొదట్లో నిలబెట్టి ‘ఎవరోళ్లురా’ అని అడిగే అరుగులాగా కనిపిస్తుంది.

2010లో ఫేస్‌బుక్ మన దేశంలో తన తొలి ఆఫీసును హైదరాబాద్‌లోనే పెట్టింది. అప్పటి పత్రికలు దీన్ని నగరానికి దక్కిన గౌరవంగా రాశాయి. ఆ గౌరవంలో ఎవరి వాటా ఎంతో తెలియడానికి తొమ్మిదేళ్లు పట్టింది. 2019 ఫిబ్రవరిలో రాయిటర్స్ వార్తాసంస్థ ఒక కథనం రాసింది. హైదరాబాద్‌లో జెన్‌పాక్ట్ అనే కాంట్రాక్టు కంపెనీ తరఫున ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలోని బూతు బొమ్మలను, చావులను, హింసను చూసి తీసేసే పనిలో 1,600 మంది జట్టు వుందనీ, పని ఎక్కువగా వున్న రోజు ఎనిమిది గంటల షిఫ్టులో ఒక్కొక్కరు 2,000 పోస్టుల దాకా చూడాల్సి వస్తుందనీ దాని సారాంశం. లెక్క వేస్తే నిమిషానికి నాలుగు. ప్రపంచం తెర మీద పారబోసిన మలినాన్ని ఎత్తిపోసే పని ఇది. అద్దాల మేడలో ఏసీ గదిలో కూర్చుని చేస్తున్నా, పని స్వభావాన్ని బట్టి దీనికి మన భాషలో పాత పేరు వుంది. ఆ పేరు మేము రాయనక్కర లేదు, పాఠకులకు తెలుసు.

ఇంతకీ మనం దీన్ని వాడుకోలేదా? వాడుకున్నాం. ఇఫ్లూలో పరిశోధన చేస్తున్న రవిచంద్రన్ బత్రన్ మొదలుపెట్టిన ‘దళిత్ కెమెరా’ యూట్యూబ్‌లో దళితుల ఇంటర్వ్యూలు, సభలు, దాడుల సాక్ష్యాలు పెట్టింది. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ జరిపినప్పుడు గొడవ జరిగింది. మరునాడు పత్రికలు ఆ గొడవ గురించే రాశాయి. మన తిండి మనం ఎందుకు తింటున్నామో చెప్పిన విద్యార్థుల మాటలు మాత్రం ఒక చిన్న కెమెరాలో మిగిలాయి. ఆ కెమెరాకు ఎడిటర్ లేడు, ప్రకటనకర్త లేడు, పత్రిక యజమాని లేడు. మాట, మోసే చేయి మళ్లీ ఒకటైన క్షణం అది. అయితే ఈసారి నిలబడ్డ నేల ఇంకొకరిది.

ఆ నేల ఎంత ప్రమాదమైనదో 2015, 2016 సంవత్సరాలు చూపించాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల కథను ఎన్నో రకాలుగా చెప్పారు. సోషల్ మీడియా చరిత్రలో దాని స్థానం గురించి చెప్పినవాళ్లు తక్కువ. యాకూబ్ మెమన్ ఉరిని వ్యతిరేకిస్తూ, ఢిల్లీలో ‘ముజఫర్‌నగర్ బాకీ హై’ డాక్యుమెంటరీ ప్రదర్శన మీద జరిగిన దాడిని ఖండిస్తూ అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ నిరసన తెలిపింది. దానిమీద ఏబీవీపీ విద్యార్థి నాయకుడు ఒకరు ఫేస్‌బుక్‌లో వారిని గూండాలన్నారు. 2015 ఆగస్టు 3 రాత్రి ఏఎస్‌ఏ విద్యార్థులు వెళ్లి క్షమాపణ అడిగారు. ఆయన రాసిచ్చారు. మరునాడు తనను కొట్టారని ఫిర్యాదు చేశారు, వీళ్లు కాదన్నారు. అక్కడి నుంచి విషయం కేంద్రమంత్రి లేఖ దాకా పోయింది. ఆ లేఖ మరో కేంద్రమంత్రికి చేరింది. చివరికి ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టల్ నుంచి వెలివేశారు. ఒక ఫేస్‌బుక్ పోస్టు, దాని మీద ఒక ఫిర్యాదు, దాని మీద రాజ్యం. అదే ఫేస్‌బుక్‌లో రోహిత్ ఏళ్లుగా రాస్తూ వచ్చాడు. విశ్వం గురించీ, సైన్సు గురించీ, కులం గురించీ, మార్క్సిస్టుల గురించీ, అంబేడ్కర్ గురించీ రాశాడు. అతని పోస్టులను ఎవరూ ఢిల్లీకి పంపలేదు.

2016 జనవరి మొదట్లో ఆ ఐదుగురు క్యాంపస్ షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర టెంటు వేసుకుని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. వాళ్లు పడుకున్న ఆ చోటు, మోసుకొచ్చిన అంబేడ్కర్ పటం ఫోటోలుగా దేశమంతా తిరిగాయి. జనవరి 17న రోహిత్ మరణించాక అతని చివరి వుత్తరం ఆ రాత్రే ఫోన్ల నుంచి ఫోన్లకు పోయింది. ఏ పత్రికాధిపతి అనుమతీ లేకుండా ఒక దళిత విద్యార్థి రాసిన కాగితం దేశం మొత్తం చదివింది. మన చరిత్రలో ఇట్లాంటిది ఇంతకుముందు జరగలేదు. ఈ మాట ఎంత నిజమో, అదే ఫోన్లలో మరునాటి నుంచే అతని కులం ఏమిటన్న విచారణ మొదలైందన్నది కూడా అంతే నిజం. చచ్చిపోయినవాడి కులాన్ని తేల్చమని సర్టిఫికెట్లు తవ్వారు. బతికినన్నాళ్లు అతనికి ఆ ప్రశ్న హాస్టల్ వాకిట్లోనే ఎదురైంది.

రోహిత్ చనిపోయిన మూడు వారాలకు, 2016 ఫిబ్రవరి 8న, ఫేస్‌బుక్ వారి ‘ఫ్రీ బేసిక్స్’ లాంటి పథకాలు చెల్లవని ట్రాయ్ ఆదేశించింది. పేదలకు ఇంటర్నెట్ ఉచితంగా ఇస్తామన్నారు. అయితే మొత్తం ఇవ్వరు, కంపెనీ ఎంచిన కొన్ని సైట్లే ఇస్తారు. ఊరి బావి ఊరికి, వాడకు వేరే బావి. మన మేధావుల్లో కొందరు ‘అసలు లేనిదానికంటే నయం కదా’ అన్నారు. వేరే బావి తవ్విస్తామన్న ప్రతి దొరా ఆ మాటే అన్నాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో జియో వచ్చింది. అంతకుముందు ఒక జీబీ డేటాకు రెండు వందల పైమాట అయ్యేది. ఆ ధర కుప్పకూలింది. కూలిపని చేసే ఆడవాళ్లు, ఆటోవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, పాతబస్తీ గాజుల బట్టీల్లో పనిచేసే పిల్లలు వీడియోలు చూడడం, చేయడం మొదలుపెట్టారు. వీళ్లకు టైపు చేయాల్సిన పని లేదు, స్పెల్లింగు తప్పుపోతుందన్న భయం లేదు. పాతబస్తీలో ఉర్దూను, తెలుగును రెండింటినీ ఇంగ్లీషు అక్షరాలతోనే కానిచ్చారు. టిక్‌టాక్‌లో అయితే అక్షరం కూడా అక్కర లేదు, దక్కనీ మాట, తెలంగాణ యాస, డప్పు దరువు వుంటే చాలు. 2020 జూన్ 29న ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించినప్పుడు అవన్నీ ఒక్క రాత్రిలో పోయాయి.

ఇంతదాకా చెప్పింది ఒక ఎత్తు. 2018 మే నెలలో చాంద్రాయణగుట్టలో జరిగింది ఒక ఎత్తు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

ఆ నెలలో తెలంగాణ, రాయలసీమ జిల్లాల్లో వాట్సాప్ ద్వారా ఒక పుకారు పాకింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయనీ, పార్థీ గ్యాంగ్ వచ్చిందనీ, అవయవాలు కోసి అమ్ముతారనీ సందేశాలు. ఆ ఏడాది దేశంలో తిరిగిన వీడియోల్లో ఒకటి కరాచీలో పిల్లల రక్షణ కోసం తీసిన ప్రచార చిత్రం. చివర వున్న హెచ్చరికను కత్తిరించి, ఎత్తుకుపోయే ముక్కను మాత్రమే తిప్పారు. మే 26 రాత్రి, రంజాన్ మాసంలో, మహబూబ్‌నగర్ వైపు నుంచి భిక్షాటనకు వచ్చిన ట్రాన్స్‌జెండర్లను చాంద్రాయణగుట్టలో ఒక గుంపు పట్టుకుంది. పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లని కొట్టింది. ఒకరు చనిపోయారు. విడిపించడానికి వచ్చిన పోలీసుల మీద కూడా గుంపు తిరగబడింది. కొట్టినవాళ్లు ధనికులు కారు. గుంపులో వున్నది పాతబస్తీ పేదలే. చనిపోయినది అంతకంటే పేద.

దీన్ని టెక్నాలజీ చేసిన హత్య అన్నారు. కంపెనీ కూడా అట్లాగే అర్థం చేసుకుంది. ఆ జూలైలో మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. కట్టడి మంచిదే. కానీ ఆ రాత్రి ఫార్వర్డ్ అయిన మాట ఎక్కడిది? వాట్సాప్ పుట్టించిందా?

పార్థీలు ఎవరో చూడండి. వాళ్లు సంచార జాతి. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చి, పుట్టుకతోనే కొన్ని జాతులను దొంగలుగా రిజిస్టర్లలోకి ఎక్కించారు. పార్థీలు అందులో వున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది. ఆ 1871 చట్టంలోనే రెండో భాగం హిజ్రాల గురించి వుంది. ఇంతటితో అయిపోలేదు. మన నిజాం రాజ్యం కూడా 1329 ఫసలీలో, అంటే 1919 ప్రాంతంలో, యూనక్స్ యాక్ట్ అనే చట్టం చేసింది. హైదరాబాద్ నగరంలో వుండే హిజ్రాలలో మగపిల్లలను ఎత్తుకుపోతారనో, వారిని నపుంసకులను చేస్తారనో అనుమానం వున్నవాళ్ల పేర్లు, చిరునామాలు రిజిస్టర్‌లో రాసిపెట్టాలన్నది ఆ చట్టం. ఆడవేషంలో వీధిలో కనిపించినా, పాడినా, ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. నిజాం రాజ్యం పోయింది, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, తెలంగాణ విడిపోయింది. ఆ చట్టం మాత్రం పేరు మార్చుకుంటూ పుస్తకాల్లోనే వుంది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది.

అంటే చాంద్రాయణగుట్టలో ఆ మనిషిని కొట్టి చంపిన రోజున, ‘హిజ్రాలు పిల్లలను ఎత్తుకుపోతారు’ అన్న అనుమానం ఈ రాష్ట్ర చట్టంలో అచ్చయి వుంది. ఫోన్లో వచ్చిన మాట పుకారు, పుస్తకంలో వున్న మాట చట్టం. రెండూ ఒకే మాట. వంద సంవత్సరాల కింద దర్బారులో రాసిన అనుమానాన్ని పట్టణం తరతరాలుగా నమ్మింది. వాట్సాప్ దాన్ని చేతికందించింది, అంతే. కొత్త డప్పు మీద పాత మాటే మోగింది. సోషల్ మీడియా మీద పరిశోధన చేసే విద్యార్థులు యాప్‌ల పుట్టుక తేదీలు సేకరించి ఆగిపోతే ఈ సంగతి పట్టుబడదు. ఏ పుకారు ఎవరి మీదకు పోతుందో చూడాలి. అది ఎప్పుడూ సంచార జాతుల మీదకు, బిచ్చగాళ్ల మీదకు, మతిస్థిమితం లేనివాళ్ల మీదకు, ఊరికి కొత్తగా వచ్చిన కూలీ మీదకు పోతుంది. కారులో వచ్చిన అపరిచితుడి మీదకు పోవడం తక్కువ.

సాటింపు వేసినవాడికి ఒక ముఖం వుండేది. ‘ఎవరు చెప్పమన్నరు రా’ అని నిలదీస్తే జవాబు వుండేది. ఫార్వర్డ్‌కు ముఖం లేదు. ఆ నెలలోనే గద్వాల వైపు పోలీసులు ఏం చేశారో గుర్తుందా? పుకార్లు నమ్మవద్దని చెప్పడానికి ఎస్పీ రెమా రాజేశ్వరి సిబ్బందిని వూర్లకు పంపారు, జానపద కళాకారులతో పాటలు పాడించారు, డప్పు కొట్టించారు. ఫోన్ చేసిన చెడును ఆపడానికి డప్పు కావలసి వచ్చింది. అది పనిచేసింది కూడా. మేము దీన్ని మెచ్చుకుంటూనే ఒక మాట అడుగుతాం. ఈసారి కూడా డప్పు మనదే, మాట పోలీసులది కాదా?

ఎందుకంటే పోలీసుల మాట ఎప్పుడూ అంత మంచిగా వుండదు. 2021 అక్టోబర్‌లో పాతబస్తీ వున్న సౌత్ జోన్‌లో పోలీసులు రోడ్డు మీద జనాన్ని ఆపి, ఫోన్లు తీసుకుని వాట్సాప్ చాట్‌లలో ‘గాంజా’ అన్న మాట కోసం వెతికారు. వీడియోలు బయటికి వచ్చాక, ఎవరినీ బలవంతం చేయడం లేదని అధికారి జవాబిచ్చారు. లాఠీ పట్టుకున్నవాడు ఫోన్ అడిగితే బలవంతం లేకుండా ఇవ్వడం ఎట్లాగో ఆ అధికారికే తెలియాలి. అదే ఏడాది ముఖాలను గుర్తుపట్టే కెమెరాల మీద పాతబస్తీకి చెందిన కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ హైకోర్టుకు వెళ్లారు. చార్మినార్ దగ్గర పోలీసులు మాస్కు తీయమని తన ఫోటో తీసుకున్నారన్నది ఆయన ఫిర్యాదు. 1919 నాటి రిజిస్టర్‌కూ దీనికీ వున్న బంధుత్వం పాఠకులే చూసుకోవచ్చు.

ఇదే నేల మీద పెద్దవాళ్ల మాటకు వున్న విలువ వేరు. 2019లో ఈక్వాలిటీ ల్యాబ్స్ అనే దళిత హక్కుల సంస్థ ఫేస్‌బుక్‌లో భారతీయ విద్వేష పోస్టులను పరిశీలించి, ముస్లింల మీదా, దళితుల మీదా వున్న వాటిలో చాలావరకు ఫిర్యాదు చేసినా తీయలేదని చెప్పింది. 2020 ఆగస్టులో వాల్‌స్ట్రీట్ జర్నల్ ఇంకో సంగతి బయటపెట్టింది. పాతబస్తీని ఆనుకుని వున్న గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్ పోస్టులకు విద్వేష నియమాలు వర్తింపజేయడాన్ని ఫేస్‌బుక్ భారత విభాగంలోని ఉన్నతాధికారి ఒకరు వ్యతిరేకించారని రాసింది. ఆ కథనం వచ్చాకే, సెప్టెంబర్‌లో కంపెనీ ఆయనను నిషేధించింది. 2022 ఆగస్టులో ఆయన ప్రవక్త మీద మాట్లాడిన వీడియో యూట్యూబ్‌లో వచ్చింది. పాతబస్తీ రగిలింది, అరెస్టులు జరిగాయి, శాలిబండ వైపు ఇళ్లలోకి పోలీసులు చొరబడి పిల్లలను పట్టుకెళ్లారని జనం చెప్పుకున్నారు. వీడియో పెట్టింది ఒకరు, తలుపులు పగిలింది ఇంకొకరివి.

ఇట్లా రాస్తున్నప్పుడు మనవాళ్లంతా ఒక పక్క, శత్రువు ఒక పక్క అన్నట్టు రాయడం తేలిక. అట్లా రాయలేం. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ను చంపిన సీసీటీవీ దృశ్యాన్ని ఫోన్లలో లక్షలమంది చూశారు. వెంటనే కిరాయి హత్య చేయించిన తండ్రిని ‘కూతురి మీద ప్రేమ’ పేరుతో సమర్థించే పోస్టులు కూడా లక్షలమంది చూశారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి జీవిత ఖైదు వేసింది. 2022 మే 4న సరూర్‌నగర్‌లో నడిరోడ్డు మీద ఒక దళిత యువకుణ్ని, ప్రేమించి పెళ్లి చేసుకున్నందుకు, ముస్లిం అయిన భార్య అన్న చంపాడు. భార్య కాళ్లావేళ్లా పడి అడ్డం పడమని అడుగుతుంటే చుట్టూ నిలబడ్డవాళ్లు ఫోన్లు ఎత్తి తీశారు. దళిత ముస్లిం ఐక్యత గురించి రాసేటప్పుడు ఈ రోడ్డును తప్పించుకుని పోయేవాళ్లను మేము నమ్మం. తీయడం సాక్ష్యం అవుతుందని దళిత్ కెమెరా నేర్పింది. తీస్తూ నిలబడిపోవడం కూడా వుంటుందని సరూర్‌నగర్ చూపించింది.

చట్టం కొంత దారి ఇచ్చింది. ఎవరికైనా బాధ కలిగించిందన్న పేరుతో పోస్టు పెట్టినవాళ్లను జైలుకు పంపిన 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. ఫేస్‌బుక్‌లో కులం పేరుతో దూషించినా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టం వర్తించగలదని 2017లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. కార్యకర్తలు ఈ రెండూ తెలుసుకోవాలి. పోలీస్ స్టేషన్లో ‘ఆన్‌లైన్‌లో తిడితే కేసు కాదు’ అని పంపించేస్తే ఆ తీర్పు చూపించాలి.

ఇక మొదట గుర్తు పెట్టుకోమన్న మాట. వెంకటస్వామి పుస్తకం అచ్చయి వుంది గనక 1906 సంగతులు మనకు దక్కాయి. ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడింది. పదేళ్ల మాటలు, వాదాలు, తిట్లు, స్నేహాలు పోయాయి. టిక్‌టాక్ వీడియోలు పోయాయి. రోహిత్ పోస్టులను నిఖిలా హెన్రీ సంపాదకత్వంలో 2017లో ‘కాస్ట్ ఈజ్ నాట్ ఎ రూమర్’ అనే పుస్తకంగా వేశారు గనక అవి కంపెనీ దయ మీద లేవు. పుస్తకం కాని వాటి సంగతి? కిరాయి నేల మీద కట్టుకున్న గుడిసె లాంటివి అవి. యజమాని ఎప్పుడు ఖాళీ చేయమంటాడో తెలియదు.

మేము కొందరం కలిసి లాల్‌దర్వాజ, ఉప్పుగూడ వైపు వాడల్లో తిరుగుతూ పాత ఫోన్లలో వున్నవి నకలు తీసుకుంటున్నాం. ఏప్రిల్ 14 ఊరేగింపులు, బోనాల డప్పు, పోలీసులతో వాదనలు, నీళ్లు రాని నల్లా దగ్గర తగాదాలు, ఒక చావు దగ్గర పాడిన పాట. తీసిన తేదీ, చోటు, తీసినవాళ్ల పేరు కాగితం మీద రాస్తున్నాం. పేరు తప్పకుండా రాయమని వాళ్లే అడుగుతున్నారు. కొందరు ఇంటిపేరు వద్దంటున్నారు. ఆ గడి ఖాళీగా వదిలేస్తున్నాం.